తమ్ముడు వేరావల్ వెళ్ళాలా, పైడిభీమవరం కంపెనీలో చేరాలా? మా ఇంటి లెక్క చూసి చెప్పండి

ప్రశ్న: పలాస అప్ప

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా తమ్ముడికి 19 ఏళ్ళు, ఐటీఐ ఫిట్టర్ ఈ ఏడే పాసయ్యాడు. వాడి ముందు రెండు దారులున్నాయి. ఏదో ఒకటి ఈ నెల 25లోగా తేల్చి చెప్పాలి.

ఒకటి గుజరాత్‌లోని వేరావల్ రేవు. మా పక్కవీధి తండేల్ (బోటు నడిపే పెద్ద) జట్టు కడుతున్నాడు. ఆగస్టులో బోటెక్కితే మళ్ళీ ఇంటిముఖం చూసేది మే ఆఖర్లోనే. నెలకి 14 వేలు, తిండి బోటులోనే. 40 వేలు అడ్వాన్సు ఇప్పుడే చేతిలో పెడతామంటున్నారు. రెండోది పైడిభీమవరంలో మందుల కంపెనీ, కాంట్రాక్టరు కింద. చేతికి 13,500. గది అద్దెకీ తిండికీ ఎంత లేదన్నా 5 వేలు పోతాయి.

అంకెలు చూస్తే వేరావలే మేలనిపిస్తుంది. నా భయమంతా అక్కడే.

మా ఇంటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి. నాన్నకి 52. ముగ్గురు కలిసి కొనుక్కున్న ఫైబర్ తెప్ప, దానికో మోటారు. ఇంటి ఖర్చులు నేను తొమ్మిదో తరగతి నుంచీ నోటుపుస్తకంలో రాస్తున్నాను. మూడేళ్ళ కిందట నాన్న వేట కూడా రాయడం మొదలుపెట్టాను. వెళ్ళిన రోజు ఒక గీత, డబ్బు వచ్చిన రోజు దానిమీద అడ్డగీత. గడిచిన ఏడాదిలో గీతలు 131, అడ్డగీతలు 74. మిగిలిన 57 రోజులు ఆయిలు ఖర్చు కూడా రాలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. అప్పుడిచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకి పెంచారు. అది మాకు నిజంగా ఆసరా. తెప్ప మోటారు బాగు చేయించింది ఆ డబ్బుతోనే.

ఎకరా పది సెంట్లు జీడితోట ఉంది, గట్టు వెంబడి కొబ్బరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చేనాటికి ఆ తోటలో 31 కొబ్బరిచెట్లు. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే నిలబడి ఉన్నవి నాలుగు. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి ఒకదానిమీద ఒకటి పడున్నాయి. అమ్మ కిందపడ్డ ఒక కొబ్బరిచెట్టు మొవ్వు కోసి, తెల్లటి ముక్కలు మాకు పెట్టింది. ఆ చెట్టు నేను పుట్టిన ఏడు నాటిందట. తను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు.

తుపానుకి ముందు ఏటా నాలుగు బస్తాల జీడిపిక్కలు వచ్చేవి (80 కిలోల బస్తా). మళ్ళీ నాటిన జీడి ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది, ఈసారి బస్తాన్నర. 2023లో బస్తాకి 16 వేలు ఇవ్వాలని రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడు మా చేతికి ముట్టింది 8 వేల పైచిలుకు.

తోట పోయాకే అమ్మ జీడి ఫ్యాక్టరీ పనికొచ్చింది. ఉడికించిన పిక్కని కాలితో తొక్కే కట్టర్ కింద పెట్టి చీల్చాలి. మొనతో పప్పు ఊడదీయాలి, విరగకూడదు. చిప్పలోంచి కారే జీడినూనె చర్మాన్ని తినేస్తుంది. వేళ్ళకి ఆముదం రాసుకునే కూర్చుంటారు, అయినా ఆగదు. అమ్మ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నల్లబడి గీతలు అరిగిపోయాయి. రేషను దగ్గర తన వేలిముద్ర పడదు, నేనెళ్ళి నా వేలు పెట్టాలి. ఆ చేతులతోనే గడిచిన ఏడాది 212 రోజులు ఇంటికి కూలి తెచ్చింది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ రోజులు డబ్బు తెచ్చింది తనే. మా ఊరి తోటల్లో కాయ లేకపోయినా ఫ్యాక్టరీ ఆగదు, ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుతాయి.

పేపర్లో ఒకరోజు వ్యవసాయం మీద బతికేవాళ్ళు మళ్ళీ పెరిగారని చదువుతాను. ఇంకోరోజు పరిశ్రమలు వస్తున్నాయి, మూలపేట పోర్టు వస్తోంది, ఉద్యోగాలే ఉద్యోగాలంటారు. మా ఇంట్లో వేట ఉంది, తోట ఉంది, ఫ్యాక్టరీ ఉంది, మూడూ కలిస్తేనే పూట గడుస్తోంది. తమ్ముణ్ణి ఈ మూడింట్లో దేనికి అప్పజెప్పాలి? ఇరవై ఏళ్ళ తర్వాత కూడా నిలిచేది ఏది? వేరావల్ బోటు చేసినవాళ్ళు, కంపెనీల్లో చేసినవాళ్ళు మీ అనుభవం చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

జవాబు: పాత ఖలాసీ

అమ్మా, నేను వేరావల్‌లో 11 సీజన్లు చేశాను. నాలుగు ఖలాసీగా, అంటే వల లాగే పని, మిగతావి ఇంజను దగ్గర. మాది ఎచ్చెర్ల వైపు. ఉన్నదున్నట్టు చెప్తాను.

వేట దొరికితే డబ్బు, లేకపోతే లేదు అన్న దిగులు అక్కడ ఉండదు. చేప పడినా పడకపోయినా జీతం జీతమే. మన ఒడ్డున మీ నాన్నకి 57 రోజులు వట్టిచేతులతో తిరిగొచ్చే పరిస్థితి ఉంది కాబట్టే మనవాళ్ళు రైలెక్కి అంతదూరం పోతున్నారు. మన జిల్లాకి 190 కిలోమీటర్లకు పైనే తీరముంది, కానీ పెద్ద బోట్లు కట్టుకునే రేవు లేదు. బోటు ఉన్నచోటికే మనిషి పోతాడు.

ఆ 14 వేలు దేనికో కూడా తెలియాలి. ఒకసారి బోటు కదిలితే 20 రోజులు, ఒక్కోసారి 25 రోజులు నీళ్ళమీదే. రాత్రీ పగలూ లేదు, వల దింపిన మూడు నాలుగు గంటలకి మళ్ళీ లాగాలి, లాగిందంతా ఏరి ఐసులో సర్దాలి. ఆ సందులో ఎంత కునుకు పడితే అంత నిద్ర. చేతికి ముల్లు దిగితే ఉప్పునీళ్ళలో అది మానదు. నా ఎడమ అరచెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. ఫోను సిగ్నలు ఒడ్డు దగ్గరికొస్తేనే. మా పెద్దమ్మాయి పుట్టిన సంగతి నాకు 13 రోజులకి తెలిసింది.

2018 నవంబరులో మనవాళ్ళు పాకిస్తాను చేతికి చిక్కింది మీ అమ్మకి గుర్తుండే ఉంటుంది. 20 మంది ఆంధ్రావాళ్ళు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. వేలమందిమి రేవులోనే బోట్లమీద ఇరుక్కుపోయాం. ఏప్రిల్ ఆఖర్లో బస్సులు వేసి తెచ్చారు.

తండేల్‌ని కొన్ని అడగండి. అడ్వాన్సు తీసుకున్నాక మధ్యలో జబ్బు చేసి తిరిగొస్తే ఆ బాకీ ఎవరిమీద పడుతుంది? జీతం నెలనెలా ఇంటికి పంపుతారా, సీజను ఆఖర్న లెక్క చూస్తారా? ఆఖరి లెక్కయితే వద్దనండి. బోటులో ట్రాన్స్‌పాండర్, అదే బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే పరికరం, పనిచేస్తోందా? గుర్రాన్ని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, ప్రాణం పెట్టే బోటుని చూడకుండా ఎక్కకూడదు. మత్స్యకారుల ప్రమాద బీమాలో వాడి పేరు ఉందో లేదో కూడా చూడండి, మరణానికీ పూర్తి శాశ్వత వైకల్యానికీ 5 లక్షలు వస్తాయి. చాలామంది కుర్రగుంటలకి ఆ సంగతి తెలీదు.

ఫిట్టర్ చదివినవాణ్ణి ఖలాసీగా పంపొద్దు. సముద్రమే కావాలంటే విశాఖలో సిఫ్‌నెట్ ఉంది, కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ. బోటు నడిపే కోర్సు, మెరైన్ ఫిట్టర్ కోర్సు నేర్పుతారు. వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. వల లాగేవాళ్ళు వందమంది దొరుకుతారు. నడిసంద్రంలో ఇంజను ఆగితే బాగుచేసేవాడి కోసం మాత్రం బోటు యజమాని ఇంటికొచ్చి అడుగుతాడు, నా కళ్ళతో చూశాను.

జవాబు: ఇంటింటి సర్వే

నేను కొన్నేళ్ళు ప్రభుత్వ సర్వేల్లో ఇంటింటికీ తిరిగి కార్మికుల వివరాలు రాసే పని చేశాను. పేపర్లో చదివిన దాని గురించి అడిగారు కాబట్టి ఆ ముక్క మాత్రం చెప్తాను.

మీరు చదివింది నిజమే. ఏటా జరిగే కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవాళ్ళలో వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతం. లాక్‌డౌన్ తగిలాక 2020-21లో అది 46.5కి ఎగబాకింది. 2023-24లో కూడా 46.1 దగ్గరే ఉంది. పట్నం నుంచి తిరిగొచ్చినవాళ్ళు పెరిగారు, పల్లెల్లో తమకీ పని ఉందని చెప్పిన ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ పెరిగారు. తయారీ రంగం 2018-19లో 12.1, 2023-24లో 11.4. ఫ్యాక్టరీలు కడుతున్న మాట అబద్ధం కాదు, కానీ మనుషుల లెక్కలో ఆ వాటా పెరగలేదు.

ఇప్పుడు ఈ లెక్కలోకి మీ ఇంటిని తెచ్చి చూడండి. మా పట్టికలో వ్యవసాయం, అడవి, చేపలవేట మూడూ ఒకే పెద్ద విభాగం. అంటే పేపర్లో "వ్యవసాయం 46 శాతం" అని రాసినప్పుడు మీ నాన్న తెప్ప కూడా అందులోనే ఉంది. మీ అమ్మ చెట్టు కింద పిక్క ఏరితే వ్యవసాయం, అదే పిక్కని ఫ్యాక్టరీలో చీలిస్తే తయారీ రంగం. చెరువు గట్టున రొయ్యకి మేత వేసేవాడు ఒక విభాగం, ఆ రొయ్య తల తీసే ఆడమనిషి ఇంకో విభాగం. ఒకే మనిషి రెండు పనులు చేస్తే ఏడాదిలో ఎక్కువకాలం చేసింది ప్రధాన పని, 30 రోజులకి తగ్గకుండా చేసింది అనుబంధ పని. పేపరుకెక్కే శాతాల్లో ఒక మనిషి ఒక గడిలోనే ఉంటారు. మీ నోటుపుస్తకంలో అడ్డగీతలున్నాయి చూశారా, అవి మా పట్టికలో లేవు. వేటకి వెళ్ళి వట్టిచేతులతో వచ్చిన రోజు కూడా మాకు పని దొరికిన రోజే.

ఇక వేరావల్. ఆరునెలలకి మించి బయట ఉండేవాణ్ణి ఆ ఇంటి మనిషిగా మేం రాసుకోం, ఉన్నచోటే రాయాలి. ఉన్నచోటేమో బోటు. మీ మండలం ఒడ్డు ఊళ్ళలో తిరిగినప్పుడు ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళే కనపడ్డారు. "మీ ఆయన?" అంటే "గుజరాత్" అనేవారు. నేను గడి ఖాళీగా వదిలి పక్కింటికి నడిచేవాణ్ణి. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కాబట్టి ఏ రంగం పెరుగుతోంది అని చూసి మీ తమ్ముడి సంగతి తేల్చకండి. ఆ రంగంలో వాణ్ణి ఏ పద్ధతిమీద తీసుకుంటున్నారో చూడండి. నమోదైన ఫ్యాక్టరీల్లో ఇప్పుడు ప్రతి పదిమంది కార్మికుల్లో నలుగురు కాంట్రాక్టు మీదే ఉన్నారు.

జవాబు: ఆకివీడు వదిన

నేను రొయ్యల ప్లాంటులో గ్రేడింగు దగ్గర చేస్తానండి. మాది పశ్చిమ గోదావరి. మా లైనులో మీ శ్రీకాకుళం పిల్లలు, ఒరిస్సా పిల్లలు చాలామంది, హాస్టల్లో ఉండి చేస్తారు.

కంపెనీ అంటే నెలనెలా జీతం, ఇక దిగులుండదు అనుకుంటారండీ. మా ప్లాంటు బతికేది చెరువు మీద. చెరువు బతికేది అమెరికావాడు కొనే ధర మీద. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మాకు షిఫ్టులు తగ్గిపోయాయి. వారానికి ఆరు రోజులు చేసేదాన్ని, మూడు రోజులకి దిగింది. ధర పడితే మా ఆయన చేసే చెరువుల మీదా మేత తగ్గిస్తారు, మనుషుల్నీ తగ్గిస్తారు. ఆయన చెరువు, నేను ఫ్యాక్టరీ, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందిలే అనుకున్నాం. రెండూ ఒకే రొయ్య మీద నడుస్తున్నాయని ఆ నెలే అర్థమైంది నాకు.

మా అత్తగారికి ఆ పొలాల్లో నాట్లు వేసినరోజులు గుర్తేనండి. ఎకరానికి ఎంతమంది ఆడకూలీలు దిగేవారో, కోతలకి ఎంతమందో చెప్తుంది. ఇప్పుడు అవన్నీ చెరువులు. చెరువుకి గట్టుమీద మకాంలో ఒక మనిషి చాలు. పొలంలో పోయిన ఆడవాళ్ళ పని మళ్ళీ ప్లాంటులో ఐసునీళ్ళ దగ్గర దొరికింది. పొద్దున ఆరింటికి బస్సు ఎక్కితే సాయంత్రం దాకా నిలబడే. గ్లౌజులు తీసేసరికి వేళ్ళు ఉడికించినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటాయి, అన్నం కలుపుకుంటే వేడి తెలీదు.

మీ తమ్ముడు కంపెనీలో చేరితే మొదటి నెలే పీఎఫ్ యూఏఎన్ నంబరు అడిగి తీసుకోమనండి. కాంట్రాక్టరు మారినా ఆ నంబరు ఒకటే ఉండాలి. నాకు మూడేళ్ళు డబ్బు కోశారు, నంబరు చేతికివ్వలేదు. తర్వాత తెలిసింది, ఒక్కో ఏడు ఒక్కో నంబరు మీద కట్టారని. ఈఎస్ఐ కార్డు కూడా అంతేనండి, జీతం 21 వేల లోపే కాబట్టి వాడికి వస్తుంది. చెయ్యి కాలినా జ్వరమొచ్చినా అదే దిక్కు. మీ అమ్మగారి చేతులు చదివి నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి ఈఎస్ఐ ఉందా?

జవాబు: షిఫ్టు ఫిట్టర్

పైడిభీమవరం, తర్వాత అచ్యుతాపురం, మొత్తం 9 ఏళ్ళు. తమ్ముడు ఇప్పుడు చెయ్యబోయే పొరపాటే నేనూ చేశాను. ఐటీఐ అవ్వగానే కాంట్రాక్టులో దూకాను. పేరు ఫిట్టరు, చేయించింది డ్రమ్ములు మోయడం. మూడేళ్ళకి తెలిసింది, అప్రెంటిస్ సర్టిఫికెట్ లేకపోతే చాలా పెద్ద సంస్థలు మనల్ని ఫిట్టరుగా లెక్కలోకే తీసుకోవని.

వాడికి ఇంకా 19 ఏళ్ళే. విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ఉంది, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు ఉన్నాయి, ఐటీఐవాళ్ళని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. స్టైపెండు తక్కువ, నిజమే. ఆ ఏడాది ఇంటికి డబ్బు పంపలేడు, అదీ నిజమే. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో వాడి పేరు ఈ వారమే నమోదు చెయ్యండి.

కంపెనీకే పంపేటట్టయితే ఒక్క మాట. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆరోజు నేను రెండు కిలోమీటర్ల దూరంలో షిఫ్టులో ఉన్నాను, ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. సాల్వెంట్లు (మండే ద్రావకాలు) ఉన్నచోట పైపులైను విప్పమంటే రాతపూర్వక పర్మిట్ లేకుండా స్పానర్ పెట్టొద్దని వాడికి చెప్పండి. సూపర్‌వైజరు అరిచినా సరే. కొత్తగా వచ్చినవాళ్ళు అరిస్తే భయపడి చేసేస్తారు.

పలాస అప్ప

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రాత్రి జవాబులన్నీ నాన్నకి, అమ్మకి చదివి వినిపించాను. ఖాళీగా వదిలిన గడి దగ్గర అమ్మ మళ్ళీ చదవమంది. మా మేనమామ అలాంటి గడిలోనే 14 ఏళ్ళుగా ఉన్నాడు.

పాత ఖలాసీ అన్నా, మీరు చెప్పినవి తండేల్‌ని అడిగాం. మంచి మనిషే, దాచలేదు. జీతంలో సగం నెలనెలా పంపుతారట, మిగతాది ఆఖర్న. మధ్యలో వచ్చేస్తే అడ్వాన్సు బాకీ మేమే కట్టాలి. ట్రాన్స్‌పాండర్ సంగతి యజమానిని అడిగి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు. బీమాలో నాన్న పేరు ఉంది, తమ్ముడిది లేదు.

వదినా, అమ్మకి ఈఎస్ఐ లేదు. ఫ్యాక్టరీలో లెక్కలు రాసేది నేనే, అయినా ఆ మాట మా అమ్మ గురించి ఎప్పుడూ అడగలేదు. సోమవారం అడుగుతాను. అమ్మ ఒక్కదాని కోసం కాదు, కట్టర్ల మీద కూర్చునే 26 మంది కోసం.

నాన్న ఒక మాటన్నాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ఒడ్డునే కాస్త చేప పడుతుంది, తెప్పలో ఇద్దరమే ఉంటున్నాం, అప్రెంటిస్ పిలుపు వచ్చేదాకా గుంటడు నాతో రానీ, మోటారూ చూసుకుంటాడు అని. 40 వేల అడ్వాన్సు వద్దనుకోవడం మాకు తేలిక కాదు, తోటకి తీసుకున్న అప్పు వడ్డీ దసరాకి కట్టాలి. అది నా జీతంలోంచి సర్దుతాను. తమ్ముడు మాత్రం సిఫ్‌నెట్ గురించే అడుగుతున్నాడు. చిన్నప్పటి నుంచీ నాన్న మోటారు విప్పితే పక్కన కూర్చుని నట్లు వరసగా పేర్చేవాడు.

షిఫ్టు ఫిట్టర్ గారూ, అప్రెంటిస్ పోర్టల్లో నమోదు చేస్తుంటే ఆధార్‌లో వాడి పుట్టినతేదీ, టెన్త్ మెమోలో ఉన్న తేదీ వేరుగా ఉన్నాయి. ముందు ఏది మార్పించాలి? మీసేవకి వెళ్తే సరిపోతుందా, శ్రీకాకుళం వెళ్ళాలా?